అడవికి దస్తీ

ఎల్లారెడ్డి బస్టాండులోకి కామారెడ్డి బస్సు తిరుగుతుండగానే కిటికీల్లోంచి దస్తీలు, అదే చేతిరుమాళ్లు, సీట్ల మీదికి ఎగరడం మొదలవుతుంది. దస్తీ లేనివాళ్ళు తువ్వాల వేస్తారు, తువ్వాల లేనివాళ్ళు సంచి వేస్తారు. ఏమీ లేని ఒక పెద్దమనిషి ఒకసారి తన కళ్ళజోడు వేయడం నేను కళ్ళారా చూశాను. వేసినవాడు ఆ తర్వాత తాపీగా చాయ తాగి, బీడీ కాల్చి, డ్రైవరు హారను కొట్టాక ఎక్కుతాడు. అంతవరకు ఆ సీటు వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. నిండు చూలాలైనా కమ్మీ పట్టుకుని నిలబడుతుందే గాని దస్తీని పక్కకు జరపదు.

నేను కామారెడ్డిలో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తాను. పన్నెండేళ్లుగా అదే బస్సులో పోయి వస్తున్నాను కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు. ఒకసారి దస్తీ వేసిన మనిషి బస్సు ఎక్కనే లేదు. లింగంపేట దాకా ఆ సీట్లో దస్తీ ఒక్కటే ప్రయాణం చేసింది. మేం పదిమందిమి దానికి కాపలా వచ్చినట్టు చుట్టూ నిలబడ్డాం. లింగంపేటలో ఎక్కిన ముసలమ్మ "గిదెవలది?" అని అడిగి, జవాబు రాకపోయేసరికి తానూ నిలబడింది. మావాళ్ళు గట్టు జరుపుతారు, కంచె జరుపుతారు, అవసరమైతే హద్దురాయిని కూడా నడిపిస్తారు. దస్తీని మాత్రం జరపరు. ఈ సంగతి ముందు చెప్పకపోతే పోచారం అడవిలో మాకు జరిగింది మీకు అర్థం కాదు.

నాకు పెళ్లయి పదహారేళ్లు. ఈ పదహారేళ్లలో నేను ఎక్కడెక్కడ పడుకున్నానో వేళ్ల మీద చెప్పగలను. అత్తగారిల్లు, పుట్టిల్లు, కాన్పుకు పోయిన ఆసుపత్రి, మొక్కులకు పోయినప్పుడు సత్రాల గచ్చు. ఆసుపత్రిలో తప్ప మిగతా అన్నిచోట్లా నేనే వండాను, అందరికంటే ముందు నేనే లేచాను. మొక్కు తీర్చుకోవడానికి దేవుడి దగ్గరికి పోయినా దేవుడికంటే ముందు పొయ్యి దర్శనం చేసుకునే బతుకు నాది.

అందుకే మా ఆసుపత్రిలో నాతో పనిచేసే ఒకామె పోచారం దాటాక అడవి అంచున, నీళ్ల ఒడ్డున తాము వేసుకున్న డేరా ఫోటోలు చూపించినప్పుడు నా ప్రాణం అటే పోయింది. ఆ ఫోటోల్లో చెట్లున్నాయి, నీళ్లున్నాయి, దూరంగా రెండు జింకలున్నాయి. నేను చూసింది అవి కాదు. ఆ ఫోటోల్లో ఎక్కడా పొయ్యి లేదు. గేటు దగ్గర చిన్న హోటలుందట, ఇంత తినేసి వచ్చి పడుకోవడమేనట. ఒక్క రాత్రి నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ అలా పడుకోవాలి, "రాత్రికి ఏం కూర?" అని ఎవరూ నన్ను అడగకూడదు. పదహారేళ్లలో నేను నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే.

బిడ్డ ఫోను చూసి లెక్క చెప్పింది. అక్కడ డేరాలకు మొత్తం పన్నెండు జాగలు. మొదటి ఆరూ ఫోనులో ముందే పట్టుకోవాలి. ఏడు నుంచి పన్నెండు దాకా ఏ రోజుకారోజు ముందొచ్చినవాళ్ళవి. ఖాళీ జాగ చూసుకుని వచ్చి నంబరు చెబితే గేటు దగ్గర డేరా ఇస్తారు.

"ఆరిట్ల ఒకటి పట్టుకుందమా నాన్నా? వచ్చే శనివారానికి రెండు ఖాళీ ఉన్నయి," అంది.

మా ఆయన నవ్వాడు. ఆయనకు మూడెకరాల వరి పొలం, ముప్పై ఎకరాల మాట. "మన అడవికి మనకు బుకింగేంది బిడ్డా? మా ముత్తాత ఆ చెరువు కట్టకు రాళ్లు మోసిండు."

పోచారం కట్టకు రాళ్లు మోయని ముత్తాత మా మండలంలో ఎవరికీ లేడు. అందరూ చెప్పేది నిజమే అయితే ఆ కట్ట ఈపాటికి కామారెడ్డి దాకా వచ్చి ఉండాలి. అయినా నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే రమ్మంటే వస్తానన్నాడు, అదే నాకు ఎక్కువనిపించింది. ఆ రెండు ఖాళీలూ మర్నాటికి నిండిపోయాయి. తప్పు నాదే. రోజూ వందమందికి సూది గుచ్చే చేయి, ఫోను మీద ఒక్క వేలు గుచ్చలేకపోయింది.

ఇక ఆ కోరిక మా ఇంట్లో ఎలా పెరిగిందో చెబుతాను. సోమవారం నాటికి మేం ముగ్గురం. మంగళవారం మా అత్తమ్మ వింది. "ఆడోళ్లు అడవిల పండుడేంది?" అని మూతి విరిచి, బుధవారం పొద్దున తన దుప్పటి ఉతికి ఆరేసింది. గురువారం మా బావ, అంటే మా ఆయన అన్న, "పోతె అందరం పోవాలె గని గదేం పద్ధతి" అన్నాడు. దాంతో తోటికోడలు, ఆమె పిల్లలు ఇద్దరు, ఆమె చెల్లెలు, చెల్లెలి పిల్లలు. శుక్రవారానికి మేం పదకొండుమందిమి. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, చేతిలో జాగ లేదు గాని సిలిండరు, రెండు పెద్ద వంట డేగిషాలు, గంటెలు, బియ్యం మూట, మసాలా డబ్బా, రెండు కోళ్లు తయారయ్యాయి.

"గేటు కాడ హోటలున్నదట గదా," అన్నాను.

"పదకొండుమంది హోటల్ల తింటరా? అడవిల బగారన్నం తింటే ఆ రుచే వేరు," అన్నాడు బావ.

"ఎవలు వండుతరు?"

ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ జవాబు చెప్పరు. ప్రేమగా నా వైపు చూస్తారంతే. చివరికి తోటికోడలు అంది, "నీ చేతి బగారన్నం ఇంకెవలకు వస్తది చెల్లె?" మా ఇంట్లో పొగడ్త అనేది ఎప్పుడూ ఇలా ఒక చాకిరీని చంకన పెట్టుకునే వస్తుంది.

శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరాలనుకున్నాం. పన్నెండు దాటాక బయలుదేరాం. సిలిండరు పైపు దొరకలేదు, తర్వాత ఒక కోడి తప్పించుకుంది, తర్వాత బావకు ఎవరిదో పంచాయితీ తగిలింది. "మీరు నడువుండ్రి, నేను ఎనుక బండి మీద వస్త. జాగ గురించి పరేషాన్ కాకుండ్రి," అన్నాడు, మీసం కింద నవ్వు దాచుకుంటూ. ఆయన అలా నవ్వినప్పుడు ఏదో తెలివైన పని చేసి ఉంటాడు. ఆయన తెలివి ఖర్చు ఎప్పుడూ మా మీదే పడుతుంది.

ట్రాలీ ఆటోలో సామాను మధ్య మేమూ సామానులాగే కూర్చుని, నాగిరెడ్డిపేట దాటి, రెండింటికి అక్కడికి చేరాం. గేటు దగ్గరున్న పెద్దాయన మా డేగిషాల వైపు చూసి, మా వైపు చూసి, మళ్ళీ డేగిషాల వైపు చూశాడు.

"పెండ్లి ఎవలది?" అన్నాడు.

"పెండ్లి గాదు. ఒక రాత్రి ఉండనీకి వచ్చినం," అన్నాడు మా ఆయన.

"కిందికి పోయి చూసుకోండ్రి. ఏడు నుంచి పన్నెండు. ఖాళీ ఉంటే నంబరు చెప్పుండ్రి, డేరా ఇస్త. ఆరు గొట్టంగ నేను గేటు బంద్ వెడత. జాగ లేనోళ్లు ఆరు లోపట బయటికి పోవాలె."

మగవాడు జాగ వెతకాలి, ఆడవాళ్ళు గిన్నెలకు కాపలా కాయాలి అన్నది ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది. మా ఆయన తువ్వాల భుజాన వేసుకుని, ముత్తాత మోసిన రాళ్లను తలుచుకుంటూ కాబోలు, ఛాతీ విరుచుకుని కిందికి దిగిపోయాడు. ఇరవై నిమిషాలకు తిరిగొచ్చాడు. ఛాతీ కొంచెం తగ్గింది.

"ఏడు, ఎనిమిది, తొమ్మిదిల మనుషులున్నరు. పది, పదకొండు, పన్నెండుల ఎవలు లేరు."

"మరింకేంది, నంబరు చెప్పు."

"ఎట్ల చెప్త? గుడ్డలున్నయి."

"ఏం గుడ్డలు?"

"మూడిట్ల మూడు గుడ్డలు. ఆకుపచ్చయి. మీద రాళ్లు వెట్టిపోయిండ్రు. ఎవలో పట్టుకున్నరు."

"ఎవలు?"

"ఎవలో పొద్దుగాల్ల వచ్చి ఏసిపోయిండ్రట. తొమ్మిదోదాంట్ల ఉన్నోళ్లు చెప్పిండ్రు."

పోయిన సంవత్సరం పక్క పొలంవాళ్ళు గట్టు మీద కంది విత్తనం వేశారని మా ఆయన ఊళ్లో పెద్దలందరినీ కూర్చోబెట్టి రెండు రోజులు పంచాయితీ చేశాడు. పార తీసుకుని పోతానంటే నలుగురు పట్టుకోవలసి వచ్చింది. అలాంటి మనిషి, కాపలాకు ఎవరూ లేని జాగలో గుడ్డపేలికను చూసి చేతులు కట్టుకుని వెనక్కి వచ్చాడు. నేను నవ్వాలనుకున్నాను గాని నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేనైనా అదే చేసేదాన్ని. దస్తీ వేసి ఉంది కదా మరి.

మా అత్తమ్మ ట్రాలీలో దుప్పటి మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఆకువక్క నములుతోంది. "జర ఓపిక పట్టుండ్రి. దేవుడు సూత్తడు," అంది. ఆమె దేవుణ్ణి అంత నమ్మకంగా పిలవడం నేను వినడం అదే మొదటిసారి.

మూడింటికి మా ఆయన రెండోసారి పోయి వచ్చాడు. గుడ్డలు ఉన్నాయి. మూడున్నరకు మూడోసారి. గుడ్డలు ఉన్నాయి. ఈసారి ఒక కొత్త వార్త తెచ్చాడు. నీళ్లు తాగడానికి వచ్చిన ఒక జింక పదకొండో నంబరు దాకా వచ్చి, గుడ్డను చూసి, పక్కనుంచి తిరిగి పోయిందట. "దానికున్న బుద్ధి మనుషులకు ఉండాలె," అన్నాడు గౌరవంగా. ఈలోగా మా కళ్ళ ముందే మూడు కార్లు వచ్చాయి. వాటిలోని వాళ్ళూ కిందికి దిగి, గుడ్డలు చూసి, ఎవరినో తిట్టుకుంటూ వెనక్కి పోయారు.

పోనివాళ్ళు ఇద్దరే, మాచారెడ్డి నుంచి బైకు మీద వచ్చిన ఒక చిన్న జంట. చేతిలో ఏడాది నిండని పాప. వాళ్ళ డేరా వాళ్ళే తెచ్చుకున్నారు. భర్త జాగ కోసం తిరుగుతుంటే భార్య, ఇంకా చిన్న పిల్లే, పాపను ఎత్తుకుని వచ్చి మా ట్రాలీ నీడన కూర్చుంది. ఇద్దరూ కూలికి పోతారట. పాప పుట్టాక మొదటిసారి ఎక్కడికైనా రావడమట.

"జాగ దొరుకుతదంటవా అక్కా?" అంది.

"ఏమో చెల్లె. మాకే దిక్కులేదు."

"ఉత్తగ మూడు జాగలు పట్టి పెట్టుడేంది అక్కా? ఒక్కళ్లు మూడిట్ల పంటరా? ఎవలో గని వాళ్లకు మంచిగ గాదు."

"ఎన్నటికి గాదు," అన్నాను నేను. నాకు నిజంగానే ఒళ్లు మండిపోతోంది. ఆ గుడ్డలు వేసినవాళ్ళ ఏడు తరాలను నేనూ, ఆ పిల్లా కలిసి తీరిగ్గా తిట్టాం. మా అత్తమ్మకు మాత్రం ఉన్నట్టుండి పొరపోయి దగ్గు వచ్చింది. నీళ్లిచ్చాను.

నాలుగున్నరకు ఆ జంట లేచింది. చలి మొదలైంది, పాప ఏడుస్తోంది, మాచారెడ్డి దాకా బైకు మీద పోవాలి. ఆ పిల్ల డేరా సంచిని బండికి కట్టుకుంటుంటే చూసి నాకు ఏడుపొచ్చింది. ఆమె కోసమని చెప్పను. నా కోసమే. గేటు మూసే వేళ దగ్గర పడుతోంది. ఇంకో గంటన్నరలో మేమూ ఈ డేగిషాలతో తిరిగి పోతాం. ఇంటికి పోగానే ఈ కోళ్లను నేనే కోసి, ఈ బియ్యం నేనే కడిగి, పదకొండుమందికి నేనే వడ్డిస్తాను. నా ఒక్క రాత్రి అలా ఒడిసిపోతుంది. మళ్ళీ నోరు తెరిచి అడగడానికి ఇంకో పదహారేళ్లు పడుతుంది.

"నేను పోయి చూసొస్త," అన్నాను.

"చూసేదేమున్నది? గుడ్డలున్నయి," అన్నాడు మా ఆయన. అయినా నా వెనకే వచ్చాడు.

పన్నెండో నంబరు అన్నిటికంటే చివర, నీళ్లకు దగ్గరగా ఉంది. చదునైన నేల, వెనక రెండు మద్దిచెట్లు, ముందు చెరువు. నేను ఫోటోలో చూసింది అదే జాగ. నడిమధ్యన గుడ్డ, దాని మీద రాయి. నాలుగడుగుల దూరంలో నిలబడే అందరూ దాన్ని గౌరవించారు గాని దగ్గరికి పోయి చూసినవాళ్ళు లేరు. నేను దగ్గరికి పోయి చూశాను. చిలకాకుపచ్చ పట్టు. మామిడిపిందెల అంచు. ఆ అంచు మీద చిన్న గోరంత ఊదారంగు మరక.

ఆ మరక నాకు తెలుసు. రక్తం గాజుపలకల మీద వేసే రంగు అది, ఒకసారి పడితే చచ్చినా పోదు. మొదటి జీతంతో కొనుక్కున్న చీర కట్టుకుని సంబరంగా డ్యూటీకి పోయిన రోజున నా చేతిలోంచే ఒలికింది. ఆ తర్వాత రెండేళ్లకు ఆ చీర కనిపించకుండా పోయింది. "చాకలికి ఏసిన, మళ్ల రాలే," అంది మా అత్తమ్మ. నేను పాపం ఆ చాకలామెను ఎన్నిసార్లు అడిగానో, ఎన్ని మాటలన్నానో. ఆమె దేవుడి మీద ఒట్టు వేసి ఏడ్చింది కూడా.

నేను రాయి తోసేసి గుడ్డ తీశాను.

మా ఆయన నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏయ్, ముట్టకు. ఎవలదో ఏమో."

"నాదే," అన్నాను.

పదకొండు, పది నంబర్లలోవి కూడా తీసుకున్నాను. మూడూ కలిపితే కొంగూ, నడుమూ, కుచ్చిళ్లూ. చీర పూర్తయింది. దాన్ని భుజాన వేసుకుని పైకి వచ్చేసరికి మా అత్తమ్మ ఆకువక్క నమలడం ఆపింది.

"అత్తమ్మా, గిదేంది?"

ఆమె డేగిషా మూత సర్దింది. "పెద్దోడు జాగ పట్టనీకి పాత గుడ్డలు గావాలె అన్నడు. ఇచ్చిన. పొద్దుగాల్ల పాలేరు చేతికిచ్చి తోలిండు."

"అంటే ఆ మూడు జాగలు మనయేనా?"

"మనయే."

"మరి రెండు గంటలకెల్లి ఈడ కూసున్నం గదా. ఈయన మూడుసార్లు తిరిగి వచ్చిండు. ఒక్క మాట చెప్పరాదా?"

"పెద్దోడు వచ్చేదాక ఎవలకు చెప్పకన్నడు. చెప్పలే," అంది ఆమె, మాట నిలబెట్టుకున్న మనిషి గర్వంతో.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని సామెత చెబుతారు. ఆ సామెతలో ఒక చిన్న లోటుంది. చంకలో ఉన్న పిల్లకు తాను అక్కడే ఉన్నానని తెలిసి కూడా నోరు మెదపకుండా కూర్చుంటే దాన్ని ఏమనాలో అందులో చెప్పలేదు. నేను తిట్టిన ఏడు తరాల్లో మూడు తరాలు అదే ట్రాలీలో కూర్చుని ఉన్నాయి.

"చాకలికి పోయిందన్న చీర మీ సందూకపెట్టెలకు ఎట్ల వచ్చింది అత్తమ్మా?"

"నీ బిడ్డ పెండ్లికి ఇద్దమని దాసిన. పురుగు గొట్టింది. చెప్పనీకి మొఖం లేకుండె."

నమ్మాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు. కోడలి సొమ్ము అత్త దానం చేయడం చూశాం గాని ఇలా అడవికి దానం చేయడం నేనెక్కడా వినలేదు. గట్టిగా అరుద్దామనుకున్నాను. చీర బరువు భుజం మీద అలాగే ఉంది.

సరిగ్గా అప్పుడే బావ బండి దిగాడు. మీసం కింద దాచుకున్న నవ్వు ఇప్పుడు బాహాటంగా ఉంది. "ఇంకా ఈడనే కూసున్నరేంది? మూడు జాగలు పట్టిచ్చిన. ఆడోళ్లకు చెప్తే ఊరంత తెలుస్తదని చెప్పలే. ఒకటి వంటకు, ఒకటి మొగోళ్లకు, ఒకటి ఆడోళ్లకు." అప్పుడు నా భుజం మీద గుడ్డ చూశాడు. "అరే, అది తీసినవేంది?"

పాపకు పాలు పట్టడం అయ్యాక, గేటు దగ్గర ఆ జంట బండి ఇప్పుడే కదలబోతోంది. నేను చేయెత్తి ఆగమన్నాను. తర్వాత బావ వైపు తిరిగాను. పదహారేళ్లలో నేను ఆయన ముఖం చూస్తూ మాట్లాడింది తక్కువ. ఆ రోజు మాత్రం చూస్తూనే మాట్లాడాను.

"బావా, ఒక్క మాట చెప్పుండ్రి. బస్సుల దస్తీ ఏస్తరు గదా. నా దస్తీ మీకిచ్చి ఏయుమన్న అనుకో. సీటు ఎవలది? ఏసినోళ్లదా, దస్తీ ఎవలదైతే వాళ్లదా?"

"దస్తీ ఎవలదైతే వాళ్లది," అన్నాడు ఆయన, ఆలోచించకుండానే. మా ఊళ్లో దీనికి ఎవరూ ఆలోచించరు.

"ఈ చీర నాది. నా మొదటి జీతం చీర. గీ మరక చూడుండ్రి. మూడు ముక్కలు నాయే. మూడు జాగలు నాయే."

బావ వంగి మరకను చూశాడు. మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల వైపు చూశాడు. గేటు దగ్గరున్న పెద్దాయన మాత్రం బీడీ తీసి, "ఆమె చెప్పింది న్యాయమే," అన్నాడు. ఎవరిదో పంచాయితీకి పోయిన బావ చివరికి పంచాయితీని ఇంటికే తెచ్చుకున్నట్టయింది.

నేను పంపకం చేశాను. పదో నంబరు మాచారెడ్డి జంటకు. వాళ్ళు తిట్టిన తిట్లన్నీ నా చీరకే తగిలాయి గనుక ఆ పాపం నేనే తీర్చుకోవాలి. వాళ్ళకు అసలు సంగతి చెప్పలేదు, సిగ్గనిపించింది. పదకొండో నంబరు సిలిండరుతో, డేగిషాలతో, మసాలా డబ్బాతో సహా ఇంటివాళ్ళకు. పన్నెండోది నాకూ నా బిడ్డకూ.

"మరి వంట?" అన్నాడు మా ఆయన.

"నా జాగల పొయ్యి వెట్టనియ్య. మీ జాగల మీ ఇష్టం."

గేటు దగ్గర ఇద్దరు పట్టే చిన్న డేరా ఇచ్చారు. నేనూ బిడ్డా దాన్ని తలకిందులుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వేసి, మూడోసారి నిలబెట్టాం. గేటు హోటల్లో తలా రెండు జొన్నరొట్టెలు తిని వచ్చి లోపల చాప మీద పడుకున్నాం. పొద్దు గూకింది. నీళ్ల మీద నుంచి చల్లటి గాలి వస్తోంది. నేను ఆకలి లేకుండా, అలసట లేకుండా, ఎవరికీ ఏమీ చేయకుండా వెల్లకిలా పడుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెబితే నాకే దిష్టి తగులుతుంది.

పదకొండో నంబరు నుంచి కేకలు మొదలయ్యాయి. "ఉప్పు ఏ డబ్బల ఉన్నది?" అని మా ఆయన. కాసేపటికి, "బియ్యానికి నీళ్లు ఎంత?" అని బావ. ఇంకాసేపటికి అడుగంటిన వాసన. "మాడింది, మాడింది" అని పిల్లలు. బిడ్డ నా వైపు చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. వందలసార్లు నా చేతి బగారన్నం తిన్నవాళ్ళు అందులో నీళ్లు ఎన్ని పోస్తానో ఒక్కసారీ చూడలేదంటే నేనేం చేయను? "అమ్మా, నువ్వన్న రావే," అని బావ తల్లిని పిలవడం కూడా వినిపించింది.

ఆ తర్వాత ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మెల్లగా, మా అత్తమ్మ మోకాళ్ల నొప్పుల నడక. అది మా డేరా ముందు ఆగింది. నాకు కోపం ఇంకా ఉంది. ఆమె క్షమించమని అడగదు, ఆ మాట మా ఇంట్లో ఎవరికీ రాదు. లోపలికి రావచ్చా అని అడిగినా నేను ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

ఆమె అడగలేదు. డేరా తలుపు జానెడు తెరుచుకుంది. ఒక ముసలి చేయి లోపలికి వచ్చింది, నేను కోడలిగా రాకముందు ముప్పై ఏళ్లు మా ఇంటి పొయ్యి ముందు కాలిన చేయి. ఆ చేతిలోంచి మడతపెట్టిన ఒక దస్తీ, ఆకువక్క వాసనతో, ఎగిరొచ్చి నా పక్కన ఖాళీగా ఉన్న మూరెడు జాగలో పడింది.

నేను బిడ్డ వైపు కొంచెం జరిగాను.